బ్రూనోను పెంచి, నేర్పి, నాకు అప్పగించిన వారందరికీ కృతజ్ఞతలు

వెన్నుపాముకు దెబ్బ తగిలి కాళ్లు చచ్చుబడి, చేతివేళ్లలో పట్టు బాగా తగ్గిపోయిన నాకు బ్రూనో అనే లాబ్రడార్ సహాయక శునకాన్ని అప్పగించిన శిక్షణ కేంద్రానికి, అక్కడి శిక్షకులకు, పశువైద్యులకు, దాతలకు, అందరికన్నా ముందు దాన్ని పసికూనగా తీసుకెళ్లి తమ ఇంట్లో పెంచిన కుటుంబానికి హృదయపూర్వకంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. మీరు చేసిన పని ఎలాంటిదో నలుగురికీ తెలియాలని ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

తాళంచెవి నా చేతిలోంచి జారి నేలమీద పడితే, ఇదివరకు ఎవరైనా వచ్చేదాకా అది అక్కడే ఉండేది. ఇప్పుడు నేను అడగగానే బ్రూనో దాన్ని నోట కరుచుకుని వచ్చి, ముందు కాళ్లు నా ఒడిలో ఆనించి, నా వేళ్లు ముడుచుకునేదాకా వదలకుండా నిలబడుతుంది. చూసేవారికి ఇది తేలికైన విద్యలా అనిపించవచ్చు కానీ, లోహం పళ్లకు తగలడం చాలా కుక్కలకు గిట్టదు. అందువల్ల శిక్షకులు మొదట మెత్తని గుడ్డ చుట్టిన వస్తువును ముక్కుతో తాకితేనే మెచ్చుకుని తినడానికి ఇస్తారు. తర్వాత నోట పట్టుకుంటేనే, ఆ తర్వాత పట్టుకుని ఆగితేనే, చివరకు తెచ్చి చేతికి అందిస్తేనే ఇస్తారు. ఈలోగా ఆ గుడ్డను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వస్తారు. ఇందులో కొట్టడం, గద్దించడం ఎక్కడా ఉండదు. నా వేళ్లు ఎంత నెమ్మదిగా కదులుతాయో గమనించి, ‘వదులు’ అనే మాట వినిపించేదాకా ఆగడం బ్రూనోకు ప్రత్యేకంగా నేర్పిన శిక్షకురాలికి నేను ఎంతగానో రుణపడి ఉన్నాను. గడియకు కట్టిన తాడును లాగి తలుపు తెరవడం, ముక్కుతో నొక్కి లైటు వేయడం కూడా ఆమె నేర్పినవే.

సహాయక శునకం అనగానే అంధులకు దారి చూపే కుక్కే చాలామందికి గుర్తుకొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో అలాంటి శిక్షణ పాఠశాల మొదలైంది. కదలలేని వారికి కూడా కుక్కలు సాయపడగలవన్న నమ్మకంతో బానీ బెర్గిన్ 1975లో అమెరికాలో ఒక సంస్థను స్థాపించారు. నాలాంటి వారికి ఈ సాయం అందడం వెనుక అలాంటి వారి పట్టుదల ఉంది.

ఇక బ్రూనోను పెంచిన కుటుంబం గురించి. సాధారణంగా ఇలాంటి కుక్కపిల్లలు ఎనిమిది వారాల వయసులో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఇళ్లకు చేరి, ఏడాదికి పైగా అక్కడే పెరుగుతాయి. మెట్లకు, లిఫ్టులకు, జనసమ్మర్దానికి, పెద్ద శబ్దాలకు బెదరకుండా ఉండడం అక్కడే అలవాటవుతుంది. పిల్లను తీసుకునేటప్పుడే తిరిగి ఇచ్చేయాలని వారికి తెలుసు. అన్ని కుక్కలూ ఈ పనికి ఎంపిక కావనీ తెలుసు. అయినా పెంచుతారు. బ్రూనోను అప్పగించిన రోజు మీ ఇంట్లో పిల్లలు ఏడ్చారని విన్నాను. రద్దీలో ఎవరో తోకను దాదాపు తొక్కినంత పనిచేసినా బ్రూనో బెదరక నా కుర్చీ పక్కనే నిలబడిన ప్రతిసారీ, అది మీ పెంపకమేనని నాకు గుర్తుకొస్తుంది.

దారిలో ఎదురైనప్పుడు దాన్ని పిలవకుండా, నిమరకుండా, తినడానికి ఏమీ పెట్టకుండా పక్కకు తప్పుకునే అపరిచితులకు కూడా ధన్యవాదాలు. పనిలో ఉన్న సహాయక శునకమని తెలిపే జాకెట్ ఒంటిమీద ఉన్నంతసేపూ దాని ధ్యాస నా మీదే ఉండాలి. అది ఒక్క క్షణం చెదిరినా ఇబ్బంది పడేది నేనే. ముద్దు చేయాలని మనసు లాగుతున్నా ఆగిపోయే పిల్లల నిగ్రహం నిజంగా మెచ్చుకోదగినది.

బ్రూనో ఆరోగ్యంగా ఉంది. దాన్ని పెంచిన మీ కుటుంబానికి శిక్షణ కేంద్రం ద్వారా ఫొటోలు పంపుతూనే ఉంటాను. వయసు మీరి అది పని మానుకోవలసి వచ్చినప్పుడు, దాన్ని మళ్లీ మీ ఇంటికి తీసుకెళ్లాలని ఉందా అని ముందుగా మిమ్మల్నే అడుగుతానని మాట ఇస్తున్నాను.