గోధుమ డబ్బాల్లో సేవ

సంపాదకులకు,

అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖకు చెందిన మోర్మన్లు అనగానే బహుభార్యాత్వమే తలచుకోవడం అన్యాయం. వారి స్త్రీల సేవాసంస్థ రిలీఫ్ సొసైటీ 1842 మార్చి 17న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో నావూ అనే ఊరిలో మొదలైంది. 1876 నుంచి ఆ స్త్రీలు గోధుమలు కూడబెట్టారు. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 2 లక్షల బుషెళ్లకు (గోధుమల బుషెల్ సుమారు 27 కిలోలు) పైగా అమెరికా ప్రభుత్వానికి అమ్మారు.

కుటుంబానికి ముందుచూపుగా ధాన్యం దాచే అలవాటు మోర్మన్లు ఎక్కువగా ఉండే అమెరికా రాష్ట్రం యూటాలోని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. తేమ 10 శాతం మించని గోధుమలనో తెల్లబియ్యాన్నో డబ్బాలో నిండా పోసి, ఆక్సిజన్ పీల్చే చిన్న పొట్లం వేసి, గాలి చొరకుండా మూస్తారు. 24 డిగ్రీల లోపు, నేలకు ఆనించకుండా పెడితే 30 ఏళ్లు నిలుస్తాయి. దంపుడు బియ్యం మాత్రం ఇలా దాచకూడదు, తవుడులోని నూనె ముక్కిపోతుంది. తడి ఆరని గింజ మరీ ప్రమాదం: గాలి లేని చోట బోటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం పుట్టవచ్చు. దాచింది ఎప్పటికప్పుడు వండుకోవాలి కూడా. అలవాటు లేని కడుపుకు ఒక్కసారిగా గోధుమ పడదు.

మోర్మన్లు నెలకో ఆదివారం వరుసగా రెండు పూటలు ఉపవాసముండి, ఆ భోజనాల ఖర్చుకు తగ్గకుండా పేదలకిస్తారు. హైదరాబాద్‌లోని మోర్మన్లకూ ఇదే నియమం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగర్ ఉన్నవారు పస్తుండనక్కర్లేదు. కానుక ఇస్తే చాలు.

— ఒక పాఠకురాలు