మా చిలకలకు ఎగరడానికి చోటివ్వండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

అయ్యా, ఊరి చివర మామిడితోటలో పట్టుబడిన చిలకల్ని సాకుతున్న రిటైర్డు టీచర్ని. రెండేళ్ల కిందట వన్యప్రాణి వారోత్సవాలప్పుడు మీరు మా తోటకు వచ్చారు. ఎండలో నిలబడి ఒక్కో గది దగ్గరా ఆగి, ఏ పిట్ట ఎక్కణ్నుంచి వచ్చిందో అడిగి తెలుసుకున్నారు. రెక్కలు కత్తిరించిన చిలకను చూసి "అయ్యో పాపం" అన్నారు. ఆ మాట మీ మనసులోంచే వచ్చిందని ఈ రోజుకీ నమ్ముతున్నాను. ఆ నమ్మకంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజే మీ చేతుల మీదుగా పెద్ద ఏవియరీకి, అంటే పిట్టలు లోపలే ఎగరగలిగే పొడవాటి జాలీ గదికి, శంకుస్థాపన జరిగింది. 60 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు. "వచ్చే సంక్రాంతికల్లా నిలబెడతాం టీచరమ్మా, నాదీ పూచీ" అన్నారు. ఆ సంక్రాంతి వెళ్లింది. మొన్న వెళ్లింది మూడోది.

శిలాఫలకం ఇంకా చెక్కుచెదరలేదు. దాని వెనకాల స్తంభాల కోసం తవ్విన గుంతలు మాత్రం అలాగే ఉన్నాయి. వానాకాలంలో వాటిల్లో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి. నిరుడు పక్క చేనువాళ్ల దూడ ఒకటి గుంతలో పడి కాలు విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి తాటాకులు కప్పి, పైన రాళ్లు పెట్టాం. సోమవారం గ్రీవెన్సులో నాలుగు అర్జీలిచ్చాను. రిజిస్టర్డు పోస్టులో రెండు పంపాను. వచ్చిన జవాబు ఒక్కటే, ఒక్క వాక్యం: విషయం పరిశీలనలో ఉన్నది. ఎవరి పరిశీలనలో ఉందో, ఎప్పటికి పూర్తవుతుందో చెప్పేవాళ్లు లేరు. ఒకరేమో ఫైలు పైకి పంపామంటారు. పైకెళితే ఎస్టిమేటు పాతదైపోయింది, కొత్తది వేయించాలంటారు. కొత్తది వేయించాం. అదీ ఇప్పుడు పాతదైంది.

మీకు చట్టం గురించి నేను చెప్పక్కర్లేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం సవరణతో రామచిలుక రెండో షెడ్యూల్లోకి, అంటే రక్షణ ఉన్న ప్రాణుల జాబితాలోకి, ఎక్కిందనీ, పంజరంలో పెట్టినా అమ్మినా జైలుదాకా వెళ్లొచ్చనీ మీ శాఖ బోర్డులే చెబుతున్నాయి. మంచిదే. దాడులు పెరిగాయి, జనంలో భయమూ కాస్త పెరిగింది. కానీ పట్టుకున్న పిట్టలు ఎక్కడికి పోవాలి? అదే చట్టం 39వ సెక్షన్ ప్రకారం అవి ప్రభుత్వ ఆస్తి. ఆ ఆస్తిని మీ సిబ్బంది అట్టపెట్టెల్లో తెచ్చి మా వరండాలో దించి, నాతో సంతకం పెట్టించుకుని వెళతారు. వాళ్లనేమీ అనను. రాత్రి పదకొండింటికి జీపులో చిలక పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చిన బీటు ఆఫీసర్ని చూశాను, అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. కాకపోతే సంతకం అయ్యాక ఆ పిట్ట బతుకు నా పెన్షన్ మీద, ఊళ్లోవాళ్లు ఇచ్చే జామకాయల మీద ఆధారపడుతుంది.

ఈ ఉదయం లెక్క 168 చిలకలు. ఉన్నవి ఆరడుగుల గదులు. తెల్లారకముందే, నాలుగున్నరకే అరుపులు మొదలవుతాయి. నేనూ, సాయానికి ఉండే కుర్రాడూ తట్టలు కడిగి, రాత్రి నానబెట్టిన శనగలు, మొక్కజొన్న కంకులు, మునగాకు, సొరకాయ ముక్కలు, పచ్చిమిరపకాయలు పంచేసరికి ఎనిమిదవుతుంది. పిట్టలకు మిరప మంట తెలియదు, గింజల కోసం ఇష్టంగా చీల్చుకు తింటాయి. కాల్షియం కోసం సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఎముక) ముక్కలు ప్రతి గదిలోనూ వేలాడదీస్తాం. పెట్టెల్లో, ఎండ తగలని మూలల్లో పెరిగిన పిల్లలకు కాల్షియం లేక కాళ్లు పక్కలకు వాలిపోయి ఉంటాయి. కొమ్మ పట్టుకోలేవు, కప్పల్లా నేలమీద పాకుతాయి. వాటికి ఎండ కావాలి. ఎండతో పాటు కదలడానికి చోటూ కావాలి.

పిల్లలు వచ్చే కాలం వేరుగా ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తొర్రల్లో గూళ్లు పెడతాయి. తాళ్లు కట్టుకుని ఎక్కేవాళ్లు తొర్ర తొర్రా వెతికి, ఈకలైనా మొలవని పిల్లల్ని సంచుల్లో వేసుకుని దిగుతారు. దార్లోనే సగం చచ్చిపోతాయి. మిగిలినవి పట్టుబడితే మా దగ్గరికొస్తాయి. ఎర్రటి ఒళ్లు, మూసిన కళ్లు, అరచేతిలో పెట్టుకుంటే గుండె కొట్టుకోవడం వేళ్లకు తెలుస్తుంది. రెండు మూడు గంటలకోసారి సిరంజితో తినిపించాలి, రాత్రి కూడా. పెట్టే జావ 40 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎక్కువైతే గొంతు కింది సంచి లోపలే కాలిపోతుంది. తక్కువైతే అరక్క పులిసిపోతుంది. మొదటి ఏడాది నాకు తెలియక మూడు పిల్లల్ని అలా పోగొట్టుకున్నాను. ఇప్పుడు థర్మామీటరు గిన్నెలోనే ఉంచుతాను.

ఇంత చేసి బతికించిన పిల్ల ఏడు వారాలకు రెక్కలు కొట్టడం మొదలుపెడుతుంది. అడవిలో ఆ వయసుకు గూడు వదిలి తల్లితో ఎగురుతుంది. మా దగ్గర ఆరడుగులు ఎగిరి జాలీకి కొట్టుకుంటుంది. వెనక్కి తిరిగి మళ్లీ ఆరడుగులు. ఛాతీ కండ ఎక్కడ పెరుగుతుందయ్యా? గాలిలో మలుపు తిరగడం, కొమ్మ మీద వాలడం, డేగ నీడ పడితే పక్కకు దూసుకుపోవడం, ఇవి నోటితో నేర్పే పాఠాలు కావు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను, నాకా తేడా తెలుసు.

ఏవియరీ వస్తుందని ఎదురుచూసి, గదులు కిక్కిరిసిపోతుంటే తట్టుకోలేక, నిరుడు వేసవికి ముందు ఒక తప్పు చేశాను. ఆరోగ్యంగా కనిపిస్తున్న పందొమ్మిదింటిని, అనుమతి కాగితం చేతికందిన రోజునే తలుపు తెరిచి వదిలాను. మామిడి కొమ్మల మీద వాలాయి. ఎంత సంతోషించానో. మధ్యాహ్నానికి కొన్ని కిందికి దిగిపోయాయి, పైకి లేవలేకపోయాయి. మర్నాడు పొద్దున బావి గట్టు దగ్గర, కంచె కింద, పాకలో, మొత్తం నాలుగు ఆకుపచ్చ ఈకల కుప్పలు. పిల్లి తిన్నవి, కాకులు పొడిచినవి. ఆరింటిని కుర్రాడు చేలగట్ల వెంట తిరిగి ఏరుకొచ్చాడు. మిగతావాటి సంగతి తెలియదు. ఆ నాలుగు కుప్పలూ నా చేత్తోనే ఎత్తాను. అరవై అడుగులు ఆగకుండా ఎగరలేని పిట్టను ఇక వదలనని ఆ రోజే నిశ్చయించుకున్నాను. అందుకే గదులు నిండిపోయాయి.

మా ఊరికి రెండు ఊళ్ల అవతల ఒక ముసలావిడ ఉంది. తొమ్మిదేళ్లు ఒక చిలకను పెంచింది. "రామా" అంటే "రామా" అనేది. గుళ్లో హరికథ విన్నదట. రామదాసు పోయిన జన్మలో చిలకను పంజరంలో పెట్టినందుకే గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడని భాగవతారు చెబితే, ఆ రాత్రి నిద్రపట్టలేదట. తెల్లారి బస్సెక్కి పంజరంతో సహా వచ్చేసింది. "నాకీ పాపం వద్దు తల్లీ, దీన్ని ఎగరెయ్యి" అంది. ఏళ్ల తరబడి కత్తిరించిన రెక్కలవి. ఈకలు రాలి కొత్తవి రావడానికి ఏడాది పట్టింది. వచ్చాయి, నిగనిగలాడుతూ వచ్చాయి. కానీ ఎగరడం మరిచిపోయింది. నేలమీంచి నా మోకాలి ఎత్తు లేస్తుంది, ఆయాసపడి కూచుంటుంది. పొడవాటి ఏవియరీలో ఆరు నెలలు పెడితే తేరుకుంటుందని పశువుల డాక్టరుగారు అన్నారు. ఆవిడ ప్రతి ఏకాదశికీ వస్తుంది. "ఎగిరిందా తల్లీ?" అని గుమ్మంలోనే అడుగుతుంది. "మంత్రిగారు గది కట్టిస్తున్నారమ్మా, కట్టగానే ఎగురుతుంది" అని చెబుతూ వచ్చాను. పోయిన ఏకాదశికి ఆ మాట నోటికి రాలేదు.

సాయంత్రం ఆరింటికి ఒక్కసారి రండయ్యా. బయటి చిలకలు గుంపుగా మా తోట మీదుగా చెరువుగట్టు రావిచెట్టుకు వెళతాయి. వాటి కేకలు దూరంగా వినబడగానే మా గదుల్లో ఒక్కసారిగా సద్దుమణుగుతుంది. తర్వాత 168 గొంతులూ కలిసి అరుస్తాయి. పడమటి జాలీకి వేలాడుతూ, ముక్కులు కన్నాల్లోంచి బయటికి పెట్టి అరుస్తాయి. గుంపు దాటిపోయాక కూడా చాలాసేపు అక్కడే వేలాడుతూ ఉంటాయి. పదిహేను రోజులపాటు ఆ వేళకు అక్కడ నిలబడలేక ఇంట్లోకి వెళ్లిపోయాను.

విదేశీ పక్షుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆఫ్రికన్ గ్రే, మకావ్, సన్ కాన్యూర్లు కలిపి పదకొండు ఉన్నాయి. ఇవి ఇక్కడివి కావు, వదలడానికి లేదు. ఉన్నన్నాళ్లూ సాకాల్సిందే, అంటే నా తర్వాత కూడా. అమెరికా వెళ్లిపోతూ ఒకరు, అపార్టుమెంటు మారుతూ ఒకరు గేటు దగ్గర పెట్టేసి పోయారు. 2024లో రిజిస్ట్రేషన్ రూల్స్ వచ్చాక కాగితాల్లేని పిట్టల్ని వదిలించుకోవడం ఎక్కువైంది. గ్రే చిలక ఒకటి ఛాతీ ఈకలన్నీ తనే పీక్కుంది. రోజంతా కుక్కరు విజిల్ వేస్తుంది, ఆపైన ఆడమనిషి గొంతుతో "వస్తున్నా ఉండు" అంటుంది. ఎవరో ఆ ఇంటి తల్లి. వీటికోసం నేనేమీ అడగడం లేదు, కాగితాలు ఎలా చేయించాలో ఒక అధికారి వచ్చి చెబితే చాలు.

నేనడిగేది ఆ ఏవియరీ. పోయిన మేలో ఎండలు ముదిరినప్పుడు కిక్కిరిసిన గదుల్లో చిలకలు నోళ్లు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుని రొప్పాయి. గోనెసంచులు తడిపి కట్టాం, గంట గంటకూ నీళ్లు చల్లాం. ఒక్క మధ్యాహ్నమే ఏడు పోయాయి. చెట్ల నీడలో, గాలి ఆడే అరవై అడుగుల చోటు ఉంటే పోయేవి కావు. ఇంకో మే వస్తోంది.

డబ్బులు లేవంటే అదైనా చెప్పండి. ఇనుము, మెష్ శాఖ ఇస్తే కూలి మేం పెట్టుకుంటామని మూడో అర్జీలోనే రాశాను. మా పాత విద్యార్థుల్లో వెల్డింగు పనివాళ్లున్నారు, ఊరికే చేస్తామన్నారు. కానీ శంకుస్థాపన అయిన పని మీద మేం చెయ్యి వేయకూడదట, శాఖే కట్టాలట. అయితే కట్టండి, లేదా మమ్మల్ని కట్టుకోనివ్వండి. ఒక తేదీ చెప్పండి. మళ్లీ "పరిశీలనలో ఉంది" అని మాత్రం రాయకండి, ఆ కాగితం ఆ ముసలావిడకు చదివి వినిపించలేను. మీరు ఇచ్చిన మాటే గుర్తుచేస్తున్నాను తప్ప కొత్తగా ఏదీ కోరడం లేదు. ఏవియరీ కట్టించండయ్యా.

ఈ ఉత్తరం ముగించబోతుండగా రేంజి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. బస్టాండులో సంచి పట్టుకున్నారట, లోపల ఇరవై రెండు పిల్లలు, కొన్నిటికి ఇంకా కళ్లు తెరవలేదట. "చోటుందా అమ్మా?" అని అడిగారు. తీసుకురమ్మన్నాను. గంటలో వస్తారు, జావకు నీళ్లు పెట్టాలి.

ఇట్లు,
చిలకల ఆశ్రయం నిర్వాహకురాలు