మంత్రి గారూ, ఫ్యాబ్‌ల లెక్క కాదు, ఏ చిప్పు ఎంత వస్తుందో చెప్పండి

పరిశ్రమల మంత్రి గారికి నమస్కారం.

ఎక్కడ ఫ్యాబ్‌కి, అంటే చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీకి, శంకుస్థాపన జరిగినా ఇక చిప్పుల కొరత తీరిపోయినట్టే మాట్లాడుతున్నారండీ, అది కరెక్ట్ కాదు. తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్ఎంసీ అమెరికాలో కట్టిన అరిజోనా ఫ్యాబ్‌నే చూడండి, 2020 మేలో ప్రకటిస్తే చిప్పులు పెద్ద ఎత్తున రావడానికి 2024 చివరి దాకా పట్టింది, అంత అనుభవం ఉన్న కంపెనీకే ఇన్నేళ్లు పడితే కొత్తగా మొదలుపెట్టేవాళ్ల సంగతేంటి, ఈలోపు డిమాండ్ ఆగుతుందా?

ఆగకపోగా వేరే రకం చిప్పుల మీదికి వెళ్లిపోతుంది. 2021లో కార్లు ఆగిపోయింది ఎక్కువగా కారు లోపలి పనుల్ని నడిపే పాత టెక్నాలజీ చిన్న చిప్పులు, మైక్రోకంట్రోలర్లు, దొరక్కే, అదే టైంలో జపాన్‌లో ఆ చిప్పులు చేసే రెనెసాస్ కంపెనీ నాకా ఫ్యాక్టరీలో మంటలొస్తే కార్ల కంపెనీలన్నీ కంగారుపడ్డాయి. ఇప్పుడేమో మెమరీ. ఏఐ చిప్పుల పక్కన పెట్టే చాలా వేగమైన మెమరీ హెచ్‌బీఎం చేసేది ప్రధానంగా ఎస్‌కే హైనిక్స్, శాంసంగ్, మైక్రాన్ మాత్రమే, పైగా అంతే మెమరీకి ఫోన్లలో, లాప్‌టాప్‌లలో ఉండే మామూలు మెమరీ డీర్యామ్ కన్నా దాదాపు మూడు రెట్లు వేఫర్ (చిప్పులు చేసే సిలికాన్ పలక) తినేస్తుంది. అంటే ఫ్యాబ్‌లో వేఫర్ల సంఖ్య తగ్గకపోయినా ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ వెళ్లే మెమరీ తగ్గిపోతుంది, మీ రిపోర్టుల్లో మాత్రం కెపాసిటీ బ్రహ్మాండంగా కనిపిస్తుంది! 2025 డిసెంబర్‌లో మైక్రాన్ మామూలు వినియోగదారులకి మెమరీ అమ్మే తన క్రూషియల్ బ్రాండ్ అమ్మకాలు ఆపేస్తానని చెప్పింది ఇందుకే.

ప్యాకేజింగ్, అంటే తయారైన చిప్పుల్ని కూర్చి వాడకానికి సిద్ధం చేసే పని, దాని సంగతి అసలెవరూ మాట్లాడరు. 2023లో ఏఐకి వాడే జీపీయూ చిప్పులు దొరక్కపోవడానికి పెద్ద కారణం టీఎస్ఎంసీ దగ్గర కోవాస్ అనే రకం ప్యాకేజింగ్ సరిపోకపోవడం, చిప్పుని మెమరీతో కలిపి కూర్చే లైన్లు చాలక.

కొత్త ఫ్యాబ్‌లు కట్టడానికి కంపెనీలు భయపడటంలోనూ న్యాయం ఉంది, 2022, 2023లో మెమరీ ధరలు పడిపోయి నష్టాలొచ్చి వాళ్లే ఉత్పత్తి తగ్గించుకున్నారు, మళ్లీ అలా అవుతుందేమోనని చేతులు ముడుచుకుంటారు. అక్కడే కదండీ ప్రభుత్వం కావాల్సింది.

సబ్సిడీ అంతా 2, 3 నానోమీటర్ల లాంటి సరికొత్త చిప్పుల మీదే పోయకండి, 28 నానోమీటర్లు, అంతకంటే పాత నోడ్‌లకీ (చిప్పు టెక్నాలజీ తరాలకీ), ప్యాకేజింగ్‌కీ, చిప్పుని అమర్చే సబ్‌స్ట్రేట్ పలకలకీ, దుమ్ములేని క్లీన్‌రూంలో పనిచేసే టెక్నీషియన్ల ట్రైనింగ్‌కీ కూడా ఇవ్వండి. సబ్సిడీ తీసుకున్న ప్రతి కంపెనీ ఏ నోడ్‌లో ఎన్ని వేఫర్లు నడుస్తున్నాయో, ఎంత ప్యాకేజింగ్ ఉందో మూడు నెలలకోసారి మీకు చెప్పాలని రూల్ పెట్టండి, మొత్తం లెక్క కలిపి మాకూ చూపించండి. తర్వాతి ఫ్యాబ్‌కి చెక్కు రాసేలోపే ఇది జరగాలి.