ఎండకు చావని మొక్క వానకు చచ్చింది: తప్పు నాదే

నమస్కారం. అనంతపురంలో ఈ నర్సరీ పెట్టి ఆరేళ్లు దాటింది. ఇట్లాంటి కబురు రాయడం ఇదే మొదటిసారి. జులై, ఆగస్టుల్లో మా దగ్గర అగేవ్ మొక్కలు, అంటే మన కిత్తనార జాతి మొక్కలు కొన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

పోయిన వారం ఒక పెద్దాయన కుండీతో సహా వచ్చి నా బల్ల మీద పెట్టినాడు. "ఏమప్పా, నీళ్లు లేకున్నా బతుకుతుందని చెప్తివి. నాలుగు వానలకే చచ్చిపాయ గదప్పా!" పైకి చూస్తే ఆకులు బాగానే ఉన్నాయి. నడిమి మొవ్వు పట్టి కొంచెం లాగితే ఊడి చేతికొచ్చింది. మొదలంతా గోధుమరంగు ముద్ద, పులిసిన గంజి వాసన. కుండీ బోర్లిస్తే పైన వేలెడు మందం పొడిపొడిగా ఉంది, లోపలిది పిండితే నీళ్లు కారినాయి.

ఆయన పోసిన నీళ్లు కాదు, నేను పెట్టిన మట్టి చంపింది. ఆ లోడు వేరే జిల్లా నుంచి కొబ్బరిపొట్టు నింపిన కవర్లలో వచ్చింది. బరువు తగ్గుతుందని అట్లా పంపుతారు. దిగిన వెంటనే ఆ పొట్టు దులిపి గరుసు మట్టిలోకి మార్చాలి, ఎప్పుడూ మారుస్తాను కూడా. ఈసారి శ్రావణమాసం గిరాకీ, పనికి ఇద్దరు రాలేదు. కవరు కోసి ఆ ముద్దతోనే కుండీల్లో పెట్టి అమ్మేసినాను. కొబ్బరిపొట్టు పైన ఎండినట్టు కనబడుతుంది, లోపల తడి పట్టుకునే ఉంటుంది. పైన చూసి మీరు ఇంకో చెంబు పోస్తారు.

అగేవ్‌ది మెక్సికో వైపు పుట్టుక. పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. అందుకే తక్కువ నీళ్లతో నెగ్గుకొస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మన ఊరు దానికి సరిగ్గా సరిపోతుంది. కానీ మన వాన జోరంతా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ఆ రెండు నెలలు వేర్ల దగ్గర నీళ్లు నిలవకుండా చూస్తే చాలు, మే నెల గురించి దిగులే అక్కర్లేదు.

మీ మొక్క ఇంకా గట్టిగానే ఉంటే ఈరోజే కుండీలోంచి తీయండి. పొట్టంతా దులిపి, నల్లబడిన వేర్లు కోసేసి, నీడలో నాలుగైదు రోజులు ఊరికే పడేయండి. ఏమీ కాదు. కోసిన చోటు ఆరినాక రెండు వంతుల గరుసు, ఒక వంతు ఇసుక, కొన్ని ఇటుక ముక్కలు, చారెడు పాత పశువుల ఎరువు కలిపి నాటండి. మొదలు మట్టికి పైనే ఉండాలి. వారం దాకా నీళ్లు వద్దు, కుండీ కింద ప్లేటు అసలే వద్దు. నల్లరేగడి ఉన్నవాళ్లు గుంత తీయకుండా, అడుగు ఎత్తున గరుసు దిబ్బ పోసి దాని మీద పెట్టండి. కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకోండి. ఆ రసం తగిలి నా మోచేతుల దాకా రెండు రోజులు మంట, దురద. కలబంద అనుకుని ముఖానికి రాసుకునేరు, అది వేరే మొక్క.

కుళ్లిపోయిన వాటికి బదులు మొక్క ఇస్తాను. కుండీ తెచ్చినా, ఫోటో చూపినా సరే, బిల్లు అడగను. అయితే ఇప్పుడే కాదు, కొత్త పిలకలు గరుసులో వేరు పట్టాలి. దీపావళి దాటినాక రండి, సంక్రాంతి దాకా ఇస్తాను.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ముళ్లు లేని నక్కతోక అగేవ్‌ను ఎండలో పెట్టొచ్చని చాలామందికి చెప్పినాను. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటితే దాని ఆకులు మాడి మచ్చలు పడతాయి. పొద్దుటి ఎండ పడే తూర్పు పక్కకు మార్చండి.

"పొలం గట్టున ఊరికే దొరికేదానికి 250 రూపాయలా అన్నా?" అని ఒక అక్క అడిగింది. నిజమే అక్కా, గట్టుదే తెచ్చుకో, నాకేం బాధ లేదు. మన తాతలు పగ్గాలకు నార తీసింది వాటితోనే కదా. కాకపోతే అది మనిషెత్తు పెరిగి, అంతకు మించి పరుచుకుంటుంది, ఆకు కొసన ముల్లు సూదే. గేటు పక్కన, పిల్లలు తిరిగే చోట మాత్రం పెట్టొద్దు.

పెద్దాయన కుండీలో కుళ్లిన మొదలు పక్కనే బొటనవేలంత పిలక ఒకటి గట్టిగా మిగిలింది. "అది నాదే, పేరు రాసిపెట్టు" అన్నాడు. రాసిపెట్టినా. షెడ్డులో మూడో వరుస మొదట్లో ఉంది, దయచేసి దాన్ని ఎవరూ బేరమాడొద్దు.