రమణకి, గండుచీమల గూడు గురించి

బెంగళూరు

ఒరేయ్ రమణా,

నీ ఫొటోలు చూశాను. నువ్వు గాజు ట్యూబులో పెంచుతున్నవి గండుచీమలే, శాస్త్రీయంగా కాంపొనోటస్ కంప్రెసస్. పనిచీమలు పాతిక దాకా ఉన్నట్టున్నాయి, రాణి పొట్ట నిండుగా ఉంది, దూది పక్కన పిల్లపురుగుల గుత్తి కూడా కనిపిస్తోంది. ఇక గూడు కట్టొచ్చు. లోపల తేమ ఎంత శాతం ఉండాలో ఒక అంకె చెప్పమన్నావు కదా, ఆ అంకె పక్కన పెట్టరా. ఒక కొస చెమ్మగా, రెండో కొస పొడిగా ఉండేలా కట్టు. ఎక్కడ కాపురం పెట్టాలో అవే తేల్చుకుంటాయి. మిగతా కొలతలన్నీ ఆ ఏర్పాటు నిలబడ్డానికే.

ఎందుకంటే గుడ్లకీ, చిన్న లార్వాలకీ (పిల్లపురుగులకీ) పైపొర చాలా పల్చన. గాలి పొడిగా ఉంటే ముడుచుకుపోతాయి. లార్వా తర్వాతి దశ ప్యూపా, వాటికి అంత చెమ్మ అక్కర్లేదు, కాస్త పొడిగా వెచ్చగా ఉన్నచోట బాగుంటాయి. అందుకే పనిచీమలు పిల్లల్ని నోట కరుచుకుని రోజంతా గదులు మారుస్తూనే ఉంటాయి. నేలలో అయితే లోతుకి దిగితే చెమ్మ, పైకొస్తే పొడి. మన గూట్లో ఆ పైనా కిందా లేదు కాబట్టి ఈ కొసా ఆ కొసా అని ఏర్పాటు చెయ్యాలి. ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 1890ల్లో ఫ్రాన్సులో షార్ల్ జానే అనే ఆయన ప్లాస్టరుతో వరసగా గదులు పోతపోసి, ఒక చివర నీళ్ల గుంట పెట్టి చీమల్ని పెంచాడు. మనం చేసేదీ దాదాపు అదే, వస్తువు మాత్రం వేరు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వద్దని చెబుతాను. చెయ్యడం తేలికే: 15 × 10 × 2.5 సెంటీమీటర్ల పోతకి సుమారు 400 గ్రాముల పొడి, 250 మిల్లీలీటర్ల నీళ్లు. పొడినే నీళ్లలో జల్లాలి, నీళ్లు పొడిలో పోస్తే ఉండలు కడుతుంది. అరగంటలో గట్టిపడుతుంది గానీ లోపలి తడి ఆరడానికి వారం పైనే పడుతుంది. తొందరపడి ఓవెన్లో పెడితే అందులోని నీరు పోయి పిండిలా రాలుతుంది. అసలు ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. ఎప్పుడూ తడిగా ఉండే ప్లాస్టరు మెత్తబడుతుంది, గండుచీమ దవడలకి అది పెద్ద పని కాదు, గోడలు తొలిచేస్తాయి. బూజు మరకలు పడితే ఎంత తుడిచినా పోవు.

ఏఏసీ బ్లాకు తెచ్చుకో. ఇప్పుడు అపార్టుమెంట్లు కట్టే ఆ తెల్లబూడిద రంగు తేలిక ఇటుక. అందులో అంతా సన్నటి బుడగలూ రంధ్రాలే కాబట్టి నీటిని పీల్చి మెల్లగా వదులుతుంది, తడిసినా మెత్తబడదు, తడిసినచోట రంగు ముదురుతుంది. ఈ చివరి గుణమే మనకి ముఖ్యం: చెమ్మ ఎందాకా వచ్చిందో గీత గీసినట్టు కంటికి కనిపిస్తుంది. మీ మారతహళ్లి చుట్టుపక్కల ఏ సైటు దగ్గరైనా విరిగిన ముక్కలు పడి ఉంటాయి. ఊరికే తీసుకోకుండా మేస్త్రీని అడుగు. పాలమూరు వైపు వాళ్లో సీమ వాళ్లో ఎవరో ఒకరు ఉంటారు, తెలుగులో అడిగితే సగం బ్లాకు నవ్వుతూ ఇచ్చేస్తారు. సిమెంటూ రంగూ అంటని ముక్క చూసుకో. బ్లాకు 60 × 20 సెంటీమీటర్లు ఉంటుంది, మందం రకరకాలు. 7.5 సెంటీమీటర్ల మందం అంటే మూడంగుళాలది దొరికితే మంచిది. పొడవులోంచి 12 సెంటీమీటర్లు అడ్డంగా కోస్తే 20 × 12 ముక్క వస్తుంది. ఒక్క కోతతో పని అయిపోతుంది, పైముఖం ఫ్యాక్టరీ నునుపుతోనే ఉంటుంది.

కోసేటప్పుడు, చెక్కేటప్పుడు బ్లాకుని తడిపి పెట్టు, ఎన్95 మాస్కు వేసుకో. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి టెర్రస్ మీద చెయ్యి. రంపం పాతది వాడు, పదును పోతుంది. తర్వాత గరుకు కాగితాన్ని గ్రానైట్ గట్టు మీద పరిచి, పైముఖాన్ని దానిమీద గుండ్రంగా రుద్దు. అద్దం పెట్టి చూస్తే ఎక్కడా సందు ఉండకూడదు. మొదటి తరం పనిచీమలు చాలా చిన్నవి, ఒకటిన్నర మిల్లీమీటర్ల సందులోంచి జారిపోతాయి.

ఇప్పుడు పెన్సిల్ తీసుకో. ఒక చివరన అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు వదిలి నీళ్ల తొట్టి గీయి: 2 వెడల్పు, 8 పొడవు, చెక్కేటప్పుడు 5 సెంటీమీటర్ల లోతు. తొట్టి తర్వాత 2 సెంటీమీటర్ల గోడ. ఆ గోడే ఈ గూటికి ప్రాణం. సెంటీమీటరు కన్నా పల్చనైతే మొదటి గదిలో నీరు ఊరి మడుగు కడుతుంది, మూడు దాటితే వేసవిలో చెమ్మ అందదు. ఆ తర్వాత గదులు: ఒక్కోటి 4 × 2.5, నాలుగు వరసలు, వరసకి రెండు, మధ్య గోడలు ఒక సెంటీమీటరు. చివర ఒకటిన్నర సెంటీమీటరు అద్దం ఆనుకోడానికి మిగులుతుంది. గదుల లోతు 12 మిల్లీమీటర్లు. పెద్ద తలల సైనికచీమలు పుడితే వాటికి ఆ ఎత్తు కావాలి. ఇంకా లోతు చేస్తే మాత్రం లోపల ఏం జరుగుతోందో నీకు కనపడదు. గదుల మధ్య దారులు 8 మిల్లీమీటర్లు. పాత స్క్రూడ్రైవర్ చాలు, గీరుతూ పోతే అటుకుల్లా రాలుతుంది. గోడ దగ్గర పొడవకు, గీరు. పొడిస్తే పెచ్చు ఊడుతుంది.

బయటికి దారి, తొట్టికి ఎదురుగా ఉన్న పొడి వరసలోంచే తీయాలి. తడివైపు తలుపు పెడితే చెమ్మంతా బయటపెట్టెలోకి, అంటే చీమలు మేతకి తిరగడానికి పైపుతో కలిపే పెట్టెలోకి, పోతుంది. రంధ్రం 10 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో. దాంట్లోకి మేస్త్రీలు మట్టం చూసే లెవెల్ పైపు ముక్క తొడుగు. హార్డ్‌వేర్ షాపుల్లో మీటర్ల లెక్కన అమ్ముతారు, లోపల 8 మిల్లీమీటర్లుండేది అడుగు. పైపు పొట్టిగా ఉంటే శుభ్రం చెయ్యడం సులువు, 15 సెంటీమీటర్లు మించొద్దు.

చెక్కడం అయ్యాక రెండు రోజులు నీళ్లలో నానబెట్టు, రోజుకి రెండుసార్లు నీళ్లు మార్చు. దుమ్మూ క్షారమూ పోతాయి. తర్వాత పూర్తిగా ఎండనివ్వు. అద్దం 16 × 12 సెంటీమీటర్లు, 4 మిల్లీమీటర్ల మందం, అంచులు రుద్దించు. తొట్టి అద్దం బయటే ఉంటుంది, గూడు విప్పకుండా నీళ్లు పోసుకోవచ్చు. ఆక్రిలిక్ వద్దు, ఒకవైపు చెమ్మ తగిలి విల్లులా వంగుతుంది, ఆ సందులోంచి పిల్లచీమలు వరసకడతాయి. నాలుగు మూలలా అక్వేరియం సిలికాన్ చుక్క పెడితే చాలు, రేపు తీయాలంటే బ్లేడుతో వస్తుంది. బాత్రూం సిలికాన్‌లో బూజుమందు కలుపుతారు, అది కొనకు. పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా చీమల్ని వదలొద్దు.

నువ్వు తప్పకుండా చెయ్యాల్సింది ఒకటుంది: చీమలు లేకుండా ఖాళీ గూటిని ఒక వారం నడిపి చూడు. పూర్తిగా ఎండిన గూటిని వంటింటి త్రాసు మీద పెట్టి బరువు రాసుకో. తొట్టిలో సిరంజితో 60 మిల్లీలీటర్లు మెల్లగా పొయ్యి, మర్నాడు చూడు. తడిగీత రెండో వరస దాటి మూడోదాని ముందు ఆగాలి. అందకపోతే పది పది మిల్లీలీటర్లు పెంచు. సరిగ్గా అక్కడ ఆగినప్పుడు మళ్లీ తూచు. ఈ రెండు బరువుల తేడానే నీ గూటి లెక్క. ఆ తర్వాత వారానికి రెండుసార్లు తూచి, ఎన్ని గ్రాములు తగ్గితే అన్ని మిల్లీలీటర్లు పోస్తే సరి. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఈ ఊరి గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలుసు కదా, అప్పుడు మూడురోజులకోసారి అడుగుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా వారం పది రోజులైనా కదలదు. క్యాలెండర్ చూసి నీళ్లు పోసేవాళ్ల గూళ్లు వానాకాలంలోనే మునుగుతాయి. వేసవిలో మరీ త్వరగా ఆరిపోతుంటే తడివైపు పక్కగోడలకి ప్యాకింగ్ టేపు చుట్టు, వానలు మొదలవగానే తీసెయ్యి. అడుగున రెండు చెక్కబద్దలు పెట్టు, గాలి ఆడుతుంది, బల్ల పాడవదు.

బోరునీళ్లు పొయ్యొద్దు. అందులోని లవణాలు నీరు ఆవిరైన చోటల్లా తెల్లటి పొరకట్టి రంధ్రాలు మూసేస్తాయి, కొన్నాళ్లకి నీళ్లు తొట్టిలో నిలిచే ఉంటాయి, గదులు మాత్రం ఎండుతుంటాయి. ఆర్వో నీళ్లు వాడు. తొట్టి మీద మూత తప్పనిసరి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

చీమల్ని మార్చడం గురించి. ట్యూబు తలకిందులు చేసి దులపకు. పైపు కలిపి, ట్యూబుని వెలుతురులో ఉంచి, గూటిని అట్టతో చీకటి చెయ్యి. ట్యూబులో నీళ్లు అయ్యేకొద్దీ అవే వస్తాయి. ఒక్కోసారి రాత్రికి రాత్రే, ఒక్కోసారి వారాలు. నాలుగు పనిచీమలొచ్చి చూసి వెనక్కి పోతుంటే కంగారుపడకు, అవి ఇల్లు చూసుకునేవి. పాతిక చీమలకి ఎనిమిది గదులు ఎక్కువ. ఖాళీ గదుల్లో చెత్త వేస్తాయి, దానికి బూజు పడుతుంది. అందుకని సగం మూసెయ్, కానీ అడ్డంగా కాదు, నిలువుగా: ఒకవైపు నాలుగు గదులూ దూదితో బిగించు. అడ్డంగా మూస్తే తడివైపో పొడివైపో ఒకటి పోతుంది, అప్పుడు వాటికి ఎంచుకునే వీలుండదు.

తర్వాత రోజూ చూడాల్సింది పిల్లలు ఎక్కడున్నారని. గుడ్లు రెండో వరసలో, ప్యూపాలు మూడో నాలుగో వరసల్లో ఉంటే అంతా బాగున్నట్టు. అన్నీ తొట్టిగోడకి అతుక్కుని గుంపుగా ఉంటే ఎండుతోంది. అన్నీ చివరి వరసలో ఇరుక్కున్నా, పైపులో కాపురం పెట్టినా నీళ్లు ఎక్కువయ్యాయి, వారం పొయ్యకు. పిల్లల్ని బయటపెట్టెలోకే మోసుకొచ్చేశాయంటే గూట్లో బూజో మందువాసనో ఉంది, వెంటనే వెతుకు. చిన్న డిజిటల్ తేమ మీటర్లు ఆ గదుల్లో పట్టవు, బయటపెట్టి కొలిస్తే నీ గది తేమ చెబుతాయి. పిల్లల్ని చూడటమే మేలు.

డిసెంబరు రాత్రుళ్లు అద్దం లోపల నీటిబొట్లు పడతాయి. అద్దం బ్లాకు కన్నా చల్లబడటం వల్ల అది. చిన్న లార్వాలు ఆ బొట్లలో చిక్కుకుంటాయి. అద్దం మీద సెంటీమీటరు మందం థర్మోకోల్ ముక్క కప్పు, వెచ్చగా ఉంటుంది, చీకటీ అవుతుంది. వేడి తగిలించాలనుకుంటే పైనుంచే, కిందనుంచి వద్దు. కిందనుంచి వేడిచేస్తే ఆవిరి లేచి చల్లటి అద్దానికే తగులుతుంది.

బయటపెట్టె మాత్రం పొడిగా, గాలాడేలా ఉండాలి. మూతకి సన్నటి స్టీలు జాలీ. పైఅంచు చుట్టూ మూడు సెంటీమీటర్ల పట్టీగా, టాల్కం పౌడరుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి దూదితో పుయ్యి, ఆరాక కాళ్లు జారతాయి. వానాకాలంలో అది ముద్దకట్టి పట్టు తప్పుతుంది, అప్పుడప్పుడు తుడిచి మళ్లీ పుయ్యాలి. నేల మీద చిటికెడు సన్న ఇసుక జల్లు. లార్వాలు తమ చుట్టూ పట్టుగూడు అల్లుకునేటప్పుడు పనిచీమలు ఆ రేణువులు తీసుకెళ్లి కప్పుతాయి, దారం పట్టుకోడానికి అవి ఆసరా. తాగేనీళ్లు దూదిపెట్టిన చిన్న ట్యూబులో విడిగా ఉండాలి, గూటి చెమ్మ దాహానికి సరిపోదు. పంచదార ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు. పురుగులు వేడినీళ్లలో ముంచి చంపినవే వెయ్యి, మర్నాడు మిగిలింది తీసెయ్యి. గూట్లోకి లాక్కెళ్లిన ముక్కలకి బూజు పట్టకుండా స్ప్రింగ్‌టెయిల్స్ కొన్ని వదలొచ్చు. మీ తులసికుండీలో తడి ఆకుల కింద తెల్లగా గెంతే నలుసులవే, బూజు తింటాయి, చీమల జోలికి పోవు. కుండీకి మందేమీ కొట్టలేదు కదా? కొట్టి ఉంటే అక్కణ్ణుంచి తేవొద్దు.

మందులంటే గుర్తొచ్చింది. ఆ గదిలో దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే లిక్విడ్, బొద్దింకల స్ప్రే, చీమల సుద్ద, ఏదీ ఉండకూడదు. అవి పురుగుల్ని చంపే మందులే, గండుచీమా పురుగే. దోమలకి తెర కట్టుకో. వంటింటి సన్నచీమలు పంచదార వాసనకి వస్తాయి, వందలకొద్దీ చొరబడి పిల్లల్ని ఎత్తుకుపోతాయి. దానికి మన అమ్మమ్మల ఉపాయమే: బల్ల నాలుగు కాళ్ల కిందా నీళ్ల గిన్నెలు, బల్ల గోడకి తగలకుండా నాలుగు వేళ్ల దూరం. గిన్నెల్లో రెండు చుక్కలు వంటనూనె వేస్తే దోమలు పెరగవు.

బ్లాకు దొరికాక పెన్సిల్ గీతలు గీసి, చెక్కే ముందు ఒక ఫొటో తీసి పంపు. తొట్టిగోడ మందం ఒక్కటీ నేను చూస్తాను, మిగతాది నువ్వే చెక్కేస్తావు.

నీ
శేషు