పేర్లు బయటికి రావన్న హామీ కాగితం మీద ఉండాలి

సంపాదకులకు,

విశాఖలో ఇప్పుడు ఏ పెద్ద సంస్థలో చూసినా మార్పు మాటే. పోర్టు ట్రస్టు 2021 చట్టంతో పోర్టు అథారిటీ అయింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఉక్కు ఫ్యాక్టరీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మార్పులు జరిగే చోటికి కన్సల్టెంట్లు రావడాన్ని నేను తప్పుపట్టను. పై అధికారి ముందు నోరు విప్పనివాళ్లు కూడా బయటి మనిషి దగ్గర మనసులో మాట చెబుతారు. నా అభ్యంతరం ఆ మాట తర్వాత ఎవరి చేతికి పోతుందన్నదే.

నేను రిటైరైన సంస్థలో (పేరెందుకు లెండి) కన్సల్టెంట్లు షిఫ్టులవారీగా అందరితో మాట్లాడారు. కుర్రాళ్లు చురుకైనవాళ్లే, ప్రజెంటేషన్లు బ్రహ్మాండంగా చేశారు. నైట్ షిఫ్టు ఎలా నడుస్తుందో మాత్రం ఒక్కరూ వచ్చి చూడలేదు. "మీ పేర్లు ఎక్కడా రావు" అంటే మావాళ్లు నమ్మి, స్పేర్ పార్టుల కొరత దగ్గర్నుంచి అన్నీ చెప్పేశారు. రిపోర్టులో నిజంగానే పేర్లు లేవు. "బి షిఫ్టు సీనియర్ ఆపరేటర్" అని ఉంది. ఆ సెక్షన్‌లో, ఆ షిఫ్టులో సీనియర్ ఆపరేటర్ ఒక్కడే! కొన్నాళ్లకే ఆయన్ని వేరే విభాగానికి మార్చారు. ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా "అంతా బాగుందండీ" అన్న జవాబే.

కన్సల్టెంటు అనేవాడు రోగం తేల్చి మందు రాసిచ్చే డాక్టరులా కాకుండా, సంస్థలోని వాళ్లే తమ సమస్యను గుర్తించేలా సాయపడాలని అమెరికన్ నిపుణుడు ఎడ్గార్ షైన్ 1969లోనే రాశారు. నమ్మకం పోయాక అది కుదిరే పని కాదు.

సర్వీసు షరతులు మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసివ్వాలని కార్మిక చట్టం చెబుతోంది. ఆ మార్పులకు పునాది వేసే ఇంటర్వ్యూల విషయంలోనూ ఓ కట్టుబాటు ఉండొద్దా? ప్రభుత్వ రంగ సంస్థలు కన్సల్టెన్సీ టెండర్లలోనే ఈ షరతులు పెట్టాలి: ఇంటర్వ్యూ నోట్సు యాజమాన్యానికి ఇవ్వకూడదు. మనిషిని పోల్చుకునే వివరాలేవీ రిపోర్టులో ఉండకూడదు. ఎన్ని ఉద్యోగాలు తగ్గిస్తే అంత ఫీజు అన్న లెక్క అసలే వద్దు. సలహా ఇచ్చిన కంపెనీయే తర్వాత తన సాఫ్ట్‌వేర్ అమ్ముకోవడాన్నీ ఆపాలి.

యూనియన్ నాయకులకు ఒక మాట. ఈసారి కన్సల్టెంట్లు వస్తే, ఇంటర్వ్యూలకు మనుషుల్ని పంపేముందు ఆ షరతుల కాగితం చూపించమని అడగండి.

– ఒక విశ్రాంత ఉద్యోగి, గాజువాక, విశాఖపట్నం