మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: తడిసిన రిజిస్టరు నుంచి డేటాబేస్ దాకా

సభ్యులందరికీ నమస్కారం.

పంచాంగ శ్రవణం, సంక్రాంతి ముగ్గుల పోటీ, కంటి పరీక్షల శిబిరం ఎప్పట్లాగే జరిగాయి. డ్రైనేజీ అర్జీ ఇంకా నడుస్తోంది. జమాఖర్చులు కోశాధికారి గారు సభలో చదివి వినిపిస్తారు. కాబట్టి ఈసారి ఎక్కువ చోటు గ్రంథాలయానికే ఇస్తున్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ చుట్టుపక్కల మునిగినప్పుడు మన రీడింగ్ రూములోకీ నీళ్లొచ్చాయి. కింది అరల్లో పుస్తకాలు చాలావరకు పోయాయి. అంతకంటే పెద్ద దెబ్బ యాక్సెషన్ రిజిస్టరు, అంటే చేరిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే పుస్తకం, తడవడం. ఇంకు పెన్నుతో రాసిన పేజీలన్నీ నీలం మరకలయ్యాయి, బాల్‌పెన్ను రాతలు మాత్రం నిలిచాయి. ఏ పుస్తకం నీళ్లపాలైందో, ఏది ఎవరింట్లో భద్రంగా ఉందో చెప్పే కాగితమే లేకపోయింది.

అప్పుడు ఆదుకున్నది మన పాత లైబ్రేరియన్ గారి అలవాటు. ముద్ర, నంబరు ముఖపత్రం మీదే కాక 25వ పేజీ అడుగున కూడా వేసేవారు. అట్టలు ఊడిన పుస్తకాలను డాబా మీద ఆరబెట్టి, అతుక్కున్న పేజీలను స్కేలుతో మెల్లగా విడదీస్తే 25వ పేజీలో నంబరు చక్కగా కనిపించింది. కొత్త జాబితా అక్కణ్నుంచే మొదలైంది.

ఎక్సెల్ చాలని కొందరన్నారు. రెండు మూడు ఆదివారాలు అలాగే చేశాం. ఒకే నవల మూడు ప్రతులుంటే పేరు మూడుసార్లు కొట్టాలి, మూడుసార్లూ ఒకేలా కొట్టేవాళ్లు మనలో లేరు. కోహా అనే ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కూడా చూశాం. మంచిదే, కానీ దానికి సర్వరు పెట్టి, దాన్ని చూసుకునే మనిషిని పెట్టాలి. రెండు బీరువాల గదికి అంత హంగామా ఎందుకనిపించింది. చివరికి కాలనీలో బీటెక్ చదివే పిల్లలు ఎస్‌క్యూలైట్ (SQLite) అనే చిన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో జాబితా కట్టారు. ఇదీ ఉచితమే. మొత్తం డేటా ఒకే ఫైల్లో ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టే. వారం వారం ఒక కాపీ అధ్యక్షుల వారి ఇంటికి, మూడో అంతస్తుకి వెళ్తోంది. వరద నేర్పిన జాగ్రత్త.

లోపల ఉన్నవి అయిదు పట్టికలు: పుస్తకాలు, ప్రతులు, వ్యక్తులు, ఆ వ్యక్తులు ఏ పుస్తకానికి ఏం చేశారన్నది (రాశారా, తెలుగు చేశారా), ఇచ్చిపుచ్చుకోలు. పుస్తకం వేరు, ప్రతి వేరు అని పిల్లలు పట్టుబట్టారు. పేరు, ప్రచురణకర్త పుస్తకానికి చెందుతాయి. నంబరు, చిరుగులు, వరద మరక ప్రతికి చెందుతాయి. చాదస్తంగా అనిపించింది గానీ, ఒకే పుస్తకంలో ఒక ప్రతి పోయి మరొకటి మిగిలినప్పుడు వాళ్లు చెప్పిందే సరి అయింది. నాలుగో పట్టిక అనువాదాల కోసం. విశాలాంధ్ర ద్వారా మన ఇళ్లకు చేరిన మాస్కో ప్రచురణలు పాత రిజిస్టర్లో కొన్ని రష్యన్ రచయిత పేరు మీద, కొన్ని తెలుగు చేసినవారి పేరు మీద ఉండేవి. ఇప్పుడు ఏ పేరుతో వెతికినా దొరుకుతాయి.

అసలు టెన్షన్ పేర్ల దగ్గరే వచ్చింది. శ్రీశ్రీ అని కొట్టినవారికీ శ్రీరంగం శ్రీనివాసరావు అని కొట్టినవారికీ ఒకే మనిషి కనిపించాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న పేచీ ఒక సాయంత్రమంతా నడిచింది. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందే, కామా అక్కర్లేదని తేల్చాం. విశ్వనాథ, విశ్వనాధ రెండు రకాలూ అట్టల మీదే ఉన్నాయి. ళ్ల, ళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికితోడు తెలుగు టైపింగులో కంటికి కనబడని ఒక విడదీత గుర్తు పడుతుంది. అదున్న మాటా లేని మాటా తెరమీద ఒకేలా ఉన్నా కంప్యూటరుకు రెండు వేర్వేరు మాటలు. అట్ట మీద ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో ఉంచి, ఈ తేడాలన్నీ చదును చేసిన రూపం పక్క గడిలో పెట్టాం. వెతుకులాటంతా ఆ పక్క గడిలోనే జరుగుతుంది. డీటీపీ సెంటర్లో యూనికోడ్‌కు ముందటి ‘అను’ (Anu) ఫాంట్లలో కొట్టించిన జాబితా ఒకటి దొరికింది గానీ, మామూలుగా తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దుకున్నాకే పనికొచ్చింది.

సంవత్సరం గడి కూడా తేలిగ్గా తేలలేదు. పాత పుస్తకాల్లో కొన్నిటికి ప్రభవ, విభవ అని పేరే తప్ప అంకె ఉండదు. 2024–25లో వచ్చిన క్రోధినే తీసుకోండి, 1964లోనూ వచ్చింది, 1904లోనూ వచ్చింది. కాగితం, వెల, ప్రెస్సు పేరు చూసి ఊహించిన ఏడాదిని వేరే గడిలో, ఊహ అని తెలిసేలా రాస్తున్నాం.

పెద్ద గ్రంథాలయాల్లో పుస్తకాలను విషయాల వారీగా విడదీసే డ్యూయీ నంబర్లు వేద్దామన్న సూచన వచ్చింది. ఆ పద్ధతిలో తెలుగు సాహిత్యం మొత్తం 894.827 కిందికే వస్తుంది. మన బీరువాల్లో ముప్పాతిక భాగం అదే అయినప్పుడు పుస్తకాల వీపుల మీద ఆ అంకె రాసి లాభమేముంది? నవలలు, కథలు, భక్తి, పిల్లలవి అన్న పాత చీటీలే ఉంచాం. 1914లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన ఊళ్లో ఈ మాట అనడానికి కాస్త బెరుకుగానే ఉంది.

సభ్యుల వివరాల్లో పేరు, ఫ్లాట్ నంబరు, ఫోను మాత్రమే ఉంటాయి. ఆధార్ తీసుకోవడం లేదు. పుస్తకం తిరిగి రాగానే ఎవరు తీసుకున్నారన్నది చెరిగిపోతుంది. ఎవరేం చదివారో సంఘానికి అనవసరం.

మిగిలిన పని ఒకటుంది. వారపత్రికల్లోంచి సీరియళ్లు కత్తిరించి, దారంతో కుట్టి, మన అమ్మమ్మలు దాచిన కట్టలు. ప్రచురణకర్త ఉండరు, పేజీ అంకెలు 14 తర్వాత 32 అంటాయి, వెనకవైపు సబ్బు ప్రకటన సగం ఉంటుంది. కొన్నిటికి మొదటి భాగమే లేదు. వాటిని పారేద్దామన్న ప్రతిపాదనను కార్యవర్గం ఒప్పుకోలేదు. పత్రిక పేరు, రచయిత, కుట్టినవారి పేరు రాసి చేరుద్దామనుకుంటున్నాం. అవి గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఆదివారం పదింటికి రీడింగ్ రూముకి వస్తే చాలు, టైపు చేయడానికి పిల్లలున్నారు. వరదకు ముందు తీసుకెళ్లిన పుస్తకాలు ఇంట్లో ఉంటే అవీ పట్టుకురండి, జరిమానా లేదు.

ఇట్లు,
కార్యదర్శి